పోలిక రంగులో పట్టాలా, పొరలో పట్టాలా?

బొమ్మలు వేసేవాళ్ళ నోట 'పోలిక వచ్చింది' అన్న మాట వస్తే, ఎదురుగా కూర్చున్న మనిషి కాన్వాస్ మీద దొరికాడని అర్థం. కళ్ళ మధ్య దూరం, ముక్కు పొడవు, దవడ వంపు ఓపిగ్గా కొలుచుకుంటే ఆ పోలిక ఎంతోకొంత వచ్చేస్తుంది. ఆ మాటకొస్తే ఫోన్ కెమెరా ఆ పని మనకంటే బాగా, ఒక్క క్షణంలో చేసిపెడుతుంది. అందుకే డ్రాయింగ్ కాస్త చేతికి పట్టుబడ్డాక చాలామంది ఇంకో రకం ప్రశ్నల దగ్గర తచ్చాడుతుంటారు. ముఖం మీద ఆకుపచ్చ వేయొచ్చా? రంగుని నైఫ్‌తో, అంటే రంగు మెత్తే చిన్న కత్తితో మెత్తాలా, బ్రష్‌తోనే పూయాలా? ఆయిల్ మంచిదా, ఆక్రిలిక్ మంచిదా?

ఎక్కువమంది ముందు రంగులు కొనేసి, వాటితో ఏం చెయ్యాలో తర్వాత ఆలోచిస్తారు. నా లెక్కలో మొదట తేల్చుకోవలసింది ఒకటే: ఈ బొమ్మలో మాట్లాడేది రంగా, టెక్స్‌చరా, అంటే రంగు పొర ఉన్న తీరా? రెండూ గొంతు చించుకుంటే మధ్యలో మనిషి వినబడడు. ఈ సంగతి నాకు ఒక స్నేహితుడి తండ్రిగారి బొమ్మ నేర్పింది. కళ్ళ కింద ముదురు ఊదా రంగుని నైఫ్‌తో దిట్టంగా మెత్తి, భలే వచ్చిందని మురిసిపోయాను. ఆయన చూసి, ఎంతో మర్యాదగా, "నాకు దెబ్బ ఎప్పుడు తగిలింది బాబూ?" అని అడిగారు. ఊదా రంగులో తప్పేం లేదు, మందంలోనూ తప్పేం లేదు. రెండిటినీ తెచ్చి ఒకే చోట, అదీ నీడలో పెట్టాను. అక్కడ చెడింది. ఎందుకు చెడిందో టెక్స్‌చర్ దగ్గరికొచ్చినప్పుడు చెప్తాను.

రెండు కొసలు

ఒక కొసన ఫ్రెంచ్ చిత్రకారుడు అన్రీ మతీస్ ఉన్నాడు. 1905లో తన భార్య ముఖం వేస్తూ నుదుటి మీద నుంచి ముక్కు వెంట కిందికి ఒక ఆకుపచ్చ చార లాగాడు. చారకి ఒక పక్క ముఖం పసుపు, రెండో పక్క గులాబీ. ఆ బొమ్మ ఇప్పుడు 'ఆకుపచ్చ చార' పేరుతోనే ప్రసిద్ధం, కోపెన్‌హాగన్‌లోని జాతీయ కళా మ్యూజియంలో ఉంది. ఎత్తు నలభై సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ, అంతే. ఆ ఏడాదే పారిస్‌లో జరిగిన శరదృతు ప్రదర్శనలో అతనూ, అతని మిత్రులూ పెట్టిన బొమ్మలు చూసి ఒక విమర్శకుడు 'అడవి మృగాలు' అన్నాడు. అడవి మృగాలకి ఫ్రెంచ్ మాట 'ఫోవ్', వాళ్ళ ధోరణికి ఫావిజం అన్న పేరు అక్కడ పుట్టిందే.

ఇంత విడ్డూరమైన రంగులు వేసినా ఆ ముఖం ముఖంలాగే ఎందుకు ఉంది? కళ్ళు సగం మూసి చూడండి. ఆకుపచ్చ చార ఉన్న చోటు ముఖం మీద వెలుగు పక్కా నీడ పక్కా కలిసే గీత. రంగు పేరు మారింది కానీ, ఆ చోటుకి ఎంత వెలుతురు ఉండాలో, ఎంత ముదురు ఉండాలో అది దాదాపు అలాగే ఉంది. మతీస్ చేసిన సాహసం రంగులో. వెలుగునీడల దగ్గర మాత్రం మహా జాగ్రత్తపరుడు.

రెండో కొసన ఫ్రాంక్ అవర్‌బాక్. 1931లో బెర్లిన్‌లో పుట్టి, లండన్‌లో జీవితమంతా గడిపి, 2024లో పోయాడు. పట్టుమని పదిమంది లేని మోడళ్ళని ఏళ్ళ తరబడి, వారం వారం కూర్చోబెట్టి వేశాడు. తర్వాతి కాలంలో సిటింగ్ అయ్యాక నచ్చకపోతే వేసిందంతా గీకి పారేసేవాడు. మళ్ళీ వారం మళ్ళీ మొదలు. ఆయన తొలినాళ్ళ తలలు చూస్తే రంగు పూసినట్టుండదు, బంకమట్టి మెత్తినట్టుంటుంది. అయితే ఒకటి గమనించండి. అంత మందం వేసిన ఆ తొలి తలల్లో రంగులు చాలావరకు మట్టి, బూడిద, నలుపు. టెక్స్‌చర్ అరుస్తున్నప్పుడు రంగుని కూర్చోబెట్టేశాడు.

మిగతావాళ్ళు ఈ రెండు కొసల మధ్య ఎక్కడెక్కడో నిలబడతారు. బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ మొదట్లో మెత్తని సన్న బ్రష్‌లతో, కూర్చుని, నున్నగా వేసేవాడు. 1950ల చివర్లో పందివెంట్రుకల గట్టి బ్రష్ పట్టుకుని నిలబడి వేయడం మొదలుపెట్టాడు. 1970ల మధ్య నుంచి క్రెమ్‌నిట్స్ వైట్ అనే బరువైన సీసపు తెలుపుతో చర్మాన్ని పొర మీద పొరగా కట్టుకొచ్చాడు. ఆయన బొమ్మల్లో కూడా రంగు గోధుమ, బూడిద, వాడిన గులాబీల దగ్గరే తిరుగుతుంది. అమెరికా చిత్రకారిణి ఎమీ షెరాల్డ్ దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తుంది. ఒంటి రంగుని బూడిద టోన్లలో వేసి, బట్టలకీ వెనక గోడకీ మాత్రం ధగధగలాడే సమతల రంగు, అంటే హెచ్చుతగ్గులు లేకుండా ఒకే తీరుగా పరిచిన రంగు ఇస్తుంది. పొర నున్నగా, దాదాపు చదునుగా ఉంటుంది. 2018లో ఆవిష్కరించిన మిషెల్ ఒబామా పోర్ట్రెయిట్ అలాంటిదే. మన తోట వైకుంఠం బొమ్మల్లోనూ రంగుదే రాజ్యం. గట్టి గీత, దాని లోపల నిండు రంగు, ఉపరితలం మీద హడావిడి లేదు. చిత్రకారిణి మార్లీన్ డ్యూమాస్ వైపు చూస్తే రంగుని నీళ్ళలా పలచన చేసి మరకలా వదిలేస్తుంది. అదీ టెక్స్‌చరే. టెక్స్‌చర్ అంటే మందం ఒక్కటే అనుకోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. ఇంకిపోవడం, చెదరడం, కారడం కూడా టెక్స్‌చరే.

రెండిటినీ ఒకేసారి మోసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాన్‌గో ఉన్నాడు. కానీ 1889 నాటి ఆయన స్వీయచిత్రాలు చూడండి, ముఖం మీది గీతా, కోటు మీది గీతా, వెనక సుళ్ళు తిరిగే నీలమూ అన్నీ ఒకే లయలో కదులుతాయి. ఆ లయే పగ్గం. ఆ పగ్గం చేతిలో లేకుండా రెండు ఎద్దుల్నీ ఒకేసారి అదిలిస్తే ఏమవుతుందో నా దగ్గర గోడకి తిప్పి పెట్టిన కాన్వాసులు చెప్తాయి. ఇంకో దారి పరిమాణం. బ్రిటిష్ చిత్రకారిణి జెన్నీ సావిల్ 1992లో వేసిన 'ప్రాప్డ్' ఏడడుగుల ఎత్తు ఉంటుంది. అంత జాగా ఉన్నప్పుడు కంటికి అక్కడక్కడ విశ్రాంతి దొరుకుతుంది. అడుగున్నర కాన్వాస్ మీద అది దొరకదు.

మీ బొమ్మకి ఏది?

రంగు దూరం నుంచి, మొదటి చూపులో తగులుతుంది. టెక్స్‌చర్ దగ్గరికెళ్ళాక, నెమ్మదిగా పని చేస్తుంది. కూర్చున్న మనిషి గురించి మీరు చెప్పదలచుకున్నది ఆ పూట మనసు అయితే, అంటే చిరాకో, హుషారో, ఏదో తెలియని దిగులో, రంగు వైపు వెళ్ళండి. ఆ మనిషి ఒళ్ళు, బరువు, గడిచిన కాలం చెప్పాలనుంటే టెక్స్‌చర్ వైపు.

ఇక్కడో మాట. ముసలివాళ్ళ ముఖం అనగానే నైఫ్ తీసి ముడత ముడతకీ ఒక గట్టు కట్టేస్తుంటారు. నాకది నచ్చదు. ముడతే ఒక టెక్స్‌చర్, దాని మీద ఇంకో టెక్స్‌చర్ వేయడం ఒకే మాట రెండుసార్లు చెప్పడం. ముసలి ముఖాన్ని పలచటి పొరల్లో వేసి, ఒక్క నుదుటి ఎముక మీద మాత్రం రంగు నిలిపి చూడండి, ఎక్కువ పలుకుతుంది. పసిపిల్లల విషయంలో మాత్రం పాత సలహానే సరైనది. మందపు గీతలు పిల్లల ముఖానికి పదేళ్ళు పెంచుతాయి. వాళ్ళకి రంగు, నున్నటి పొర.

మీ స్వభావం కూడా చూసుకోండి. వేసింది ఊరికే దిద్దుతూ ఉండే చెయ్యా మీది, ఒకసారి పెట్టాక వెనక్కి చూడని చెయ్యా? దిద్దే చేతికి గీకడం, మళ్ళీ కట్టడం పడుతుంది కాబట్టి టెక్స్‌చర్ కలిసొస్తుంది. తేల్చేసే చేతికి సమతల రంగు హాయి. ఇంకా, బొమ్మని ఎక్కువమంది ఫోన్‌లోనే చూడబోతున్నారా అన్నది ఇప్పటి కాలానికి నిజమైన ప్రశ్నే. తెర మీద టెక్స్‌చర్ సగానికి సగం చచ్చిపోతుంది, రంగు బతుకుతుంది.

రంగు వైపు వెళ్తే

మన భాషలో ఒంటి రంగుని ఛాయ అంటాం. నీడని కూడా ఛాయ అంటాం. పోర్ట్రెయిట్ వేసేవాళ్ళకి ఇంతకన్నా పనికొచ్చే పాఠం లేదు, ఎందుకంటే చర్మం రంగు తేలేది నీడలోనే. చామనఛాయకి గోధుమ రంగులో తెలుపు కలుపుకుంటూ పోతే సుద్దముక్క రాసినట్టు పాలిపోతుంది. టైటానియం వైట్ చల్లగా, మొండిగా ఉంటుంది, ఏ రంగునైనా తన వైపు లాగేస్తుంది. నల్లటి, చామనఛాయ ముఖాల మీద మెరుపు చాలాసార్లు నీలి ఛాయలో ఉంటుంది, అక్కడ తెలుపు బదులు లేత నీలిబూడిద పెట్టండి. కొన్ని సెట్లలో 'చర్మం రంగు' అని ఒక ట్యూబ్ వస్తుంది. దానితో వేసిన ముఖాలన్నీ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. పక్కన పెట్టేయండి.

ఎంచుకోవడానికి మీ ముందు మూడు దారులు. ఉన్న రంగు ఉన్నట్టు వేయడం ఒకటి. దాని గురించి ఎక్కువ చెప్పను, కన్ను తయారవడానికి మంచిది, భావం పలికించడానికి అదొక్కటే చాలదు.

రెండోది, రంగులు తగ్గించుకోవడం. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద ఒక పాలెట్, అంటే ఎంచుకున్న రంగుల జట్టు, ప్రచారంలో ఉంది. ఎల్లో ఓకర్, వెర్మిలియన్ లేదా దాని బదులు క్యాడ్మియం రెడ్ లైట్, ఐవరీ బ్లాక్, తెలుపు. నాలుగే. నీలం లేదు. అయినా నలుపులో తెలుపు కలిపితే వచ్చే బూడిద, ఎరుపు పసుపుల పక్కన పెట్టగానే నీలంలా కనిపిస్తుంది. రంగుకి సొంత గుర్తింపు తక్కువ, పక్కవాడిని బట్టే దాని మర్యాద అని చేత్తో తెలుసుకోవాలంటే ఇంతకన్నా దగ్గర దారి లేదు. కొత్తవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే: మొదటి పది ముఖాలు ఈ నాలుగుతో వేయండి. విసుగొస్తుంది. ఆ విసుగు పనికొస్తుంది.

మూడోది, ఊహించిన రంగు. ముఖం నీలం, చెవి నారింజ, మెడ ఆకుపచ్చ. ఇది స్వేచ్ఛలా కనిపిస్తుంది గానీ ఇందులోనే లెక్క ఎక్కువ. ముందు పాలెట్ మీద ప్రతి రంగునీ వెలుతురు, మధ్య, ముదురు అని మూడు మెట్లలో కలుపుకుని పెట్టుకోండి. బొమ్మ మీద ఏ చోటుకి ఏ మెట్టో నిర్ణయించండి. ఆ మెట్టులో ఏ రంగైనా సరే మీ ఇష్టం. మధ్యమధ్యలో ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ముఖం అందులో నిలబడితే రంగులో ఎంత చిత్తం వచ్చినట్టు చేసినా నిలబడుతుంది. అందులో కూలిపోతే ఏ రంగూ కాపాడదు.

ఆకుపచ్చ వేస్తే జబ్బుమనిషిలా ఉంటుందన్న భయం అందరిలోనూ ఉంది, కొంత నిజం కూడా. అయితే ముఖం మీద ఆకుపచ్చ కొత్తదేం కాదు. ఇటలీలో గుడ్డుసొనతో బొమ్మలు వేసిన పాతకాలం చిత్రకారులు చర్మం కింద ముందుగా ఆకుపచ్చ మట్టిరంగు పూత వేసేవారు, పైన గులాబీ రంగు అద్దేవారు. ఎక్కడ పెడుతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. బాగా వెలుతురు పడ్డ చోట, అంటే బుగ్గ మీదో నుదుటి మీదో ఆకుపచ్చ పెడితే చూసేవాళ్ళు దాన్ని చర్మం రంగుగా చదువుతారు, కామెర్లు అనుకుంటారు. వెలుగు నీడలోకి జారే మధ్య టోన్లో పెడితే గాలిలా, పరిసరంలా చదువుతారు. ఇంకో కిటుకు, అదే ఆకుపచ్చని వెనక గోడలోనో, చొక్కా కాలర్ మీదో కూడా ఒకచోట పలికించండి. అప్పుడు కన్ను అది బయట నుంచి పడిన కాంతి అని సర్దుకుంటుంది. రంగుకి తోడు లేకపోతే మచ్చలా ఉంటుంది.

అమెరికా చిత్రకారిణి ఆలిస్ నీల్ ఈ సమస్యని ఇంకా సులువుగా దాటేసింది. మనిషి చుట్టూ నీలం గీత గీసేది. ఆ గీత ముఖం లోపలి రంగులన్నిటినీ గట్టులా పట్టుకుని ఉంటుంది, లోపల ఆమె ఏం చేసినా బొమ్మ చెదరదు. 1980లో, ఎనభై ఏళ్ళ వయసులో, పూర్తిచేసిన స్వీయచిత్రంలో కూడా ఆ నీలం ఉంది. గీతలో బలం ఉన్నవాళ్ళకి ఈ దారి చాలా ఇష్టమవుతుంది.

స్వేచ్ఛ ఇవ్వకూడని చోటు ఒకటుంది, కంటి తెల్లగుడ్డు. ఎవరి కంటిలోనూ అది తెల్లగా ఉండదు. ముఖమంతా నీలం చేసినా చెల్లుతుంది గానీ, అక్కడ ట్యూబ్ నుంచి తీసిన తెలుపు పెడితే మనిషి ఉలిక్కిపడినట్టు ఉంటాడు.

ట్యూబ్‌లు కొనేటప్పుడు కాంతికి రంగు నిలిచే గుర్తు చూడండి, 1 లేదా 2 అని ఉంటే మంచిది. పాతకాలపు అలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకి వెలిసిపోతుంది, బుగ్గల ఎరుపు పోయాక మనిషి వేరైపోతాడు. దాని బదులు క్వినాక్రిడోన్ ఎరుపులు నిలుస్తాయి. థాలో నీలం, థాలో ఆకుపచ్చ బియ్యపుగింజంత చాలు. ఒకసారి బ్రష్ మొదట్లోకి ఎక్కిందంటే ఆ పూటంతా ప్రతి రంగులోనూ తొంగిచూస్తుంది.

టెక్స్‌చర్ వైపు వెళ్తే

ఇప్పుడు ఆ ఊదా రంగు దెబ్బ సంగతి. మందంగా నిలిచిన రంగుకి అంచులుంటాయి. ఆ అంచుల మీద గదిలో వెలుతురు పడి మెరుస్తుంది. వెలుగున్న చోట ఈ మెరుపు సాయం చేస్తుంది, నుదురు ముందుకి వస్తుంది, ముక్కు మొన నిలుస్తుంది. నీడలో మెరిస్తే నీడ నీడలా ఉండదు, కమిలినట్టు ఉబుకుతుంది. కళ్ళ గుంటలు, గడ్డం కింద, ముక్కు పక్క లోపలికి వెళ్ళవలసిన చోట్లు. వాటిని పలచగా, లోపలి పొర కనబడేలా ఉంచితే వెనక్కి వెళ్తాయి. రెంబ్రాంట్ చేసింది ఇదే. వెలుగులో సీసపు తెలుపు గడ్డకట్టినట్టుంటుంది, చీకట్లు మాత్రం పలచటి పూతలు. మూడున్నర శతాబ్దాలు దాటినా ఈ సూత్రానికి కాలం చెల్లలేదు. దీన్ని కావాలని తిప్పి కొట్టేవాళ్ళు ఉన్నారు, కానీ తెలిసి కొట్టడం వేరు.

నైఫా, బ్రష్షా అన్నది తర్వాతి తగువు. నైఫ్ రంగుని రంగులాగే పెడుతుంది, బురద కానివ్వదు. పలకలు పలకలుగా ముఖం కట్టడానికి, చెంప ఎముక, దవడ లాంటి చోట్లకి అది గొప్ప పనిముట్టు. కంటి రెప్పల దగ్గర, పెదవి మూలల దగ్గర దాని చెయ్యి మొరటు. చిన్న కాన్వాస్ మీద పూర్తిగా నైఫ్‌తోనే ముఖం వేయాలనుకోవడం రోకలితో సూది గుచ్చడం లాంటిది. రెండడుగులకి తక్కువైతే బ్రష్‌తో కట్టి, చివర్లో రెండు మూడు చోట్ల నైఫ్ పెట్టండి.

పందివెంట్రుకల బ్రష్ వేసిన చోట చాళ్ళు మిగులుతాయి. ఆ చాళ్ళ దిశ ముఖ్యం. బుగ్గ గుండ్రంగా ఎటు తిరుగుతుందో చాళ్ళు కూడా అటే తిరిగితే రంగు తక్కువైనా ఆకారం వస్తుంది. అడ్డంగా కొడితే ఆకారం విరుగుతుంది, కొన్నిసార్లు మనకి కావలసింది ఆ విరుపే. అశాంతిగా ఉన్న మనిషిని వేసేటప్పుడు నేను నుదుటి దగ్గర కావాలనే అడ్డు గీతలు వాడతాను.

పూయడం, మెత్తడం, అద్దడం, రుద్దడం గురించి అందరూ చెప్తారు. గీకడం గురించి తక్కువ చెప్తారు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఒక సిటింగ్‌లో వేసింది నైఫ్ అంచుతో గీకేస్తే కాన్వాస్ గుంటల్లో కొంచెం రంగు మిగిలిపోతుంది. అది ముఖం జ్ఞాపకంలా ఉంటుంది. దాని మీద మర్నాడు వేస్తే ఏ మందమూ లేకుండానే లోతు వస్తుంది. పోలిక రానప్పుడు దిద్దకండి, గీకండి. దిద్దిన కొద్దీ రంగు బురదవుతుంది, గీకిన కొద్దీ బొమ్మ తేలికపడుతుంది.

మోడలింగ్ పేస్ట్ అనే గట్టి ముద్దని ముందే కాన్వాస్ అంతా గరుగ్గా పూసి, అది ఆరాక దాని మీద ముఖం వేసే పద్ధతి ఒకటి బాగా నడుస్తోంది. ఆ గరుకుకి ముఖం ఆకారంతో సంబంధం ఉండదు. బుగ్గ మీద గోడ సున్నం పెచ్చు ఉన్నట్టుంటుంది. వెనక భాగానికి వాడుకోండి, ముఖానికి వద్దు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళు ఉంటారు.

ఆయిలా, ఆక్రిలికా

పై రెండిట్లో ఏదో తేల్చుకున్నాక ఈ ప్రశ్న చాలావరకు తనంతట తనే తేలిపోతుంది.

ఆయిల్ రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆక్రిలిక్ నీళ్ళు ఆవిరై ఆరిపోతుంది. తేడాలన్నిటికీ మూలం ఇదే. ఆయిల్‌లో నీరు లేదు కాబట్టి మెత్తిన మందం మెత్తినట్టే ఉంటుంది. ఆక్రిలిక్‌లో నీరు పోయేసరికి గట్లు కొంచెం కుంగుతాయి, పదునైన అంచులు మొద్దుబారతాయి. హెవీ బాడీ అనే చిక్కటి రంగుకి జెల్ కలిపితే మందం నిలుస్తుంది గానీ, కుంగుదల ఎంతో కొంత తప్పదు.

రంగు విషయంలో ఆక్రిలిక్ ఇంకో టెన్షన్ పెడుతుంది. తడిగా ఉన్నప్పుడు అందులోని జిగురు పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకమవుతుంది. అందువల్ల ఆరిన రంగు ఒక మెట్టు ముదురుతుంది. చర్మం టోన్లలో ఈ ఒక్క మెట్టే ప్రాణం. రాత్రి సరిగ్గా కుదిరిందనుకున్న బుగ్గ పొద్దున్నకి పక్కింటివాళ్ళ బుగ్గ అవుతుంది. కాస్త లేతగా కలుపుకోవడం అలవాటైతే సర్దుకుంటుంది. ఒక కాగితం ముక్క మీద ముందే పూసి, ఆరనిచ్చి చూసుకోవడం ఇంకా భద్రం.

ముఖంలో మెత్తగా కలిసిపోయే టోన్లు, తడి మీద తడి వేయడం, రెండు రోజుల తర్వాత కూడా గీకగలగడం, ఇవన్నీ ఆయిల్ సొత్తు. సమతల రంగు, గట్టి అంచు, ఒక పూటలో ఐదారు పొరలు, కింద పొర చెదరకుండా పైన పలచటి పూత వేయడం, ఇవి ఆక్రిలిక్ సొత్తు. కాబట్టి రంగు మాట్లాడే బొమ్మకి, మెరిసే సమతలాలకి ఆక్రిలిక్. పొర మాట్లాడే బొమ్మకి, గీకి కట్టే పనికి ఆయిల్. ఆయిల్ సమతలాలకి పనికిరాదని కాదు, షెరాల్డ్ ఆయిల్‌తోనే వేస్తుంది. ఓపిక కావాలి, అంతే.

ఆయిల్‌కి ఓపిక అంటే ఎంత? పలచటి పొర కొన్ని రోజుల్లో చేతికంటకుండా ఆరుతుంది. దిట్టంగా మెత్తినది పైన తోలు కట్టి, లోపల నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. అందుకే పలచన కింద, నూనె ఎక్కువున్నది పైన అన్న నియమం. తిరగేస్తే పైపొర ముందు బిగిసి, తర్వాత పగుళ్ళిస్తుంది. వార్నిష్‌కి మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు. ఆల్కిడ్ మీడియం కలిపితే పలచటి పొర ఒక రోజులో ఆరిపోతుంది, తొందరున్నవాళ్ళకి అది మధ్యేమార్గం. ఇంకో మధ్యేమార్గం, కింద పొరలు ఆక్రిలిక్‌తో పలచగా వేసి పైన ఆయిల్ వేయడం. దీన్ని ఎప్పుడూ తిరగేయొద్దు, ఆయిల్ మీద ఆక్రిలిక్ పట్టు దొరక్క ఊడిపోతుంది.

టర్పెంటైన్ వాసన పడనివాళ్ళకి, గాలి ఆడని గదిలో వేసేవాళ్ళకి నీళ్ళతో కడుక్కునే ఆయిల్ రంగులు దొరుకుతున్నాయి. పర్వాలేదు, అయితే నీళ్ళు ఎక్కువ కలిపితే జిగటగా తయారవుతాయి. మందం వేసేవాళ్ళు ఎటూ నీళ్ళు కలపరు కాబట్టి వాళ్ళకి ఇబ్బంది లేదు. సీసపు తెలుపు మాత్రం ఫ్రాయిడ్ వాడాడు కదా అని మొదలుపెట్టకండి, అది విషం. టైటానియంతో పని జరుగుతుంది. ఆయిల్‌లో జింక్ వైట్ ఎక్కువ వాడితే పొర పెళుసుబారుతుంది, మందపు గట్లలో అసలే వద్దు. క్యాడ్మియం రంగులు ఆరాక ఉప్పుకాగితంతో రుద్దకండి, ఆ పొడి పీల్చేది కాదు.

ఆయిల్ పాస్టెల్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు, అద్దం కింద పెట్టుకోవాలి. రంగు పొగరు మాత్రం అద్భుతం. కోల్డ్ వ్యాక్స్ కలిపిన ఆయిల్ నిగారింపు లేకుండా, మైనంలా, గీకడానికి వీలుగా ఉంటుంది. గట్టి పలక మీదైతేనే వేయాలి. కాగితాలు అతికించి, ఫోటోలు రసాయనంతో దింపి, మీద ఆక్రిలిక్ వేసే న్జిడెకా అకున్యిలీ క్రాస్బీ లాంటివాళ్ళ పని చూశాక కొలాజ్ మీదకి మనసు పోతుంది. పోనివ్వండి, కానీ మొదటి బొమ్మకి వద్దు.

మందంగా వేసేది ఏదైనా సాగదీసిన గుడ్డ కంటే చెక్క పలక మీద ఎక్కువ కాలం నిలుస్తుంది. గుడ్డ కదులుతుంది, ఎండిన ఆయిల్ కదలదు, పగులు పుడుతుంది.

ఫోటోనా, ఎదురుగా మనిషా

టెక్స్‌చర్ దారి పట్టినవాళ్ళకి ఫోటో పెద్దగా సాయం చెయ్యదు. ఫోటోలో ముక్కు ముందుకొచ్చిందని తెలుస్తుంది, ఎంత ముందుకొచ్చిందో చేతికి తెలియదు. మెత్తాల్సింది ఆ 'ఎంత'నే. రంగు దారిలో ఫోటో ఫర్వాలేదు, పైగా బ్లాక్ అండ్ వైట్ ఫోటో అయితే ఇంకా మంచిది, రంగు ఊహించక తప్పదు. డ్యూమాస్ ఫోటోల మీద ఆధారపడే అంత జీవం తెచ్చింది. బ్రిటిష్ చిత్రకారిణి లినెట్ యాడమ్ బోయాచీ అయితే మనిషీ లేడు, ఫలానావాళ్ళ ఫోటో అనీ లేదు, లేని మనుషుల్ని ఊహించి చాలాసార్లు ఒక్క రోజులోనే ఒక బొమ్మ ముగిస్తుంది. ఒక్క రోజు అంటే తడి మీద తడి, అంటే ఆయిల్. చూశారా, పద్ధతి ఎంచుకుంటే సామాను దాని వెంట వస్తుంది.

తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. ఒకే మనిషిని, ఒకే వెలుతురులో, అడుగు సైజు పలకల మీద రెండుసార్లు వేయండి. ఒకటి జోర్న్ నాలుగు రంగులతో, ఎంత మందమైనా సరే. రెండోది ఇష్టమొచ్చిన రంగులతో, మందం అస్సలు లేకుండా. రెండిట్నీ వారం రోజులు కళ్ళముందు ఉంచుకోండి. దేని దగ్గర మీరు తెలియకుండానే ఆగుతున్నారో ఇంట్లోవాళ్ళు మీకంటే ముందు కనిపెడతారు.

చివరిగా, బొమ్మ వేలాడబోయే గోడ చూసుకోండి. వెలుతురు పక్క నుంచి పడే గోడ మీద మందపు బొమ్మ లేచి కూర్చుంటుంది, ప్రతి గట్టుకీ నీడ పడి, పొద్దున ఒక ముఖం, సాయంత్రం ఇంకో ముఖం కనిపిస్తుంది. ఎదురుగా దీపం ఉన్న గోడ మీద అదే బొమ్మ చప్పబడుతుంది, వార్నిష్ వేసి ఉంటే పైగా కళ్ళలోకి కొడుతుంది. అక్కడికి సమతల రంగుల బొమ్మ పంపండి.